ఫొటో కింది రాత మూసేయండి

వేదిక మీది పెద్దలకూ, ఎదురుగా ఉన్న మీకూ నమస్కారం. శాలువాలయ్యాయి కాబట్టి సరాసరి విషయానికొస్తాను.

‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ అని బ్రిటిష్ పాలకులు వేయించిన ఫొటోల పుస్తకం 1868 నుంచి 1875 దాకా లండన్‌లో ఎనిమిది సంపుటాలుగా అచ్చయింది. 460కి పైగా ఫొటోలు. 1857 తిరుగుబాటు వేడి ఇంకా చల్లారని రోజులు. అందుకే ఫొటోతోపాటు కులం, తెగ రాసి, వీళ్లు నమ్మదగినవాళ్లా కాదా అని తీర్పులూ చెప్పారు. మనిషి పేరు మాత్రం చాలాచోట్ల లేదు.

ఇప్పుడు అలాంటి ఫొటోలను, అక్కడివాళ్లు గుర్తుపట్టి చెబుతారని, ఊళ్లకు తీసుకెళ్తున్నాం. మంచిదే. కానీ ఆ పాత రాతనే తెలుగు చేసి కింద అంటిస్తున్నాం. ఇక ఎవరు నోరు విప్పుతారు? అచ్చులో ఉందిగా, అదే నిజమనుకుంటారు.

కాబట్టి ఆ రాత మూసేయండి. ఫొటోను ఏ4 సైజులో, మెరుపు లేని కాగితం మీద వేయించండి. మెరిసే కాగితం మీద వెలుగు పడితే పెద్దవాళ్లకు మొహాలు ఆనవు. పైన ట్రేసింగ్ పేపరు పరిచి, ఎవరు దేన్ని గుర్తుపడితే దాని మీదే పెన్సిల్‌తో రాయండి. ఇద్దరు రెండు మాటలు చెబితే రెండూ ఉంచండి.

గాజు నెగటివ్‌ను తిరగేసి స్కాన్ చేయడం ఇంకో తప్పు. మసకగా ఉన్నది మందు పూసిన వైపు, నిగనిగలాడేది వట్టి గాజు. పోల్చుకోకపోతే కుడి ఎడమవుతుంది. పైట భుజం మారుతుంది, గొడ్డలి ఎడమచేతికొస్తుంది. ‘ఇది మా కట్టు కాదు నాయనా’ అని అవ్వ అంటే, ఆవిడ మరిచిపోయిందని రాసుకోకండి. ముందు నెగటివ్ తిప్పి చూడండి!

రంగుల సంగతీ చెప్పాలి. ఆనాటి తడి కొలోడియన్ పలకకు, అంటే పూసిన మందు ఆరకముందే ఫొటో తీసే గాజుపలకకు, నీలం తెలుసు, ఎరుపు తెలీదు. ఎర్రచీర నల్లగా, నీలంచీర వెలిసినట్టుగా పడేవి. ఒంటిచాయ ఉన్నదానికన్నా నల్లగా వచ్చేది. పైగా క్షణాల తరబడి కదలకూడదు. తల కదలకుండా వెనక ఇనుప ఊత పెట్టడమూ ఉండేది. అలా బిగుసుకున్న మొహంలో జాతి స్వభావం వెతికారండీ!

చిత్రకారులకు ఒక మాట. 1890లలో పోర్ట్‌మన్ అనే బ్రిటిష్ అధికారి ఒంటి కొలతల కోసం అండమాన్ వాసులను రెండంగుళాల గళ్ల తెర ముందు నిలబెట్టాడు. శతాబ్దం తర్వాత చిత్రకారిణి పుష్పమాల ఎన్., ఫొటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి, అలాంటి తెర ముందు తానే నిలబడ్డారు. నిలబడ్డదీ ఆమే, నిలబెట్టుకున్నదీ ఆమే. మీరు పాత ఫొటోకు రంగులద్దాలనుకుంటే చీర ఎరుపో కాదో ఊరినడగండి, సాఫ్ట్‌వేరునడక్కండి. చావు, పూజల ఫొటోలైతే ఆ ఇంటివాళ్లు, ఆ కులపెద్దలు సరేనన్నాకే గోడకెక్కించండి.

ఆఁ, ఊళ్లో అడిగేటప్పుడు మూసేయమన్నాను గానీ, పాత రాతను చెరపొద్దు. గోడకెక్కించేటప్పుడు ఊరు చెప్పిన కొత్తది పైన పెద్దక్షరాల్లో, పాతది కింద చిన్నగా, ఎవరు ఎప్పుడు రాశారో తేదీతో సహా. బయట గోడ మీది ఫొటోల కింద చోటు వదిలాం, బల్ల మీద పెన్సిళ్లున్నాయి. టీ తాగి అటు రండి.