వంటగదిలోంచి శేషాచలం కొండ కనిపించే ఇల్లు: నా మార్కులు ఎన్ని?

నమస్తే అండీ! వెనకాల కనిపిస్తున్నవి శేషాచలం కొండలు. నేను నిలబడింది వంటగదిలో. నిజంగానే! తిరుపతి నుంచి చంద్రగిరి వెళ్లే దారిలో, నిరుడు గృహప్రవేశం అయిన ఇల్లు ఇది. ఓనరు గారు కాఫీ ఇచ్చారు, అయినా ఉన్నది ఉన్నట్టే చెప్తాను.

ముందు ఈ కిటికీ చూడండి. ఎనిమిది అడుగుల వెడల్పు, మొత్తం అద్దం. మన ఎండలకి ఇంత అద్దమా అని నాకూ అనిపించింది. కానీ ఇది ఉత్తరం గోడ. కొండ మనకు ఉత్తరాన ఉండడం ఎంత అదృష్టమో ఇక్కడ తెలుస్తుంది: వెలుగు వస్తుంది, ఎండ పెద్దగా రాదు. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు సగం దాకా మాత్రం మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి జరుగుతాడు. అందుకే పైన రెండున్నర అడుగుల సజ్జా, సాయంత్రం వాలు ఎండకి పక్కన ఒక నిలువు గోడ. ఇప్పుడు టైం రెండు. అద్దం మీద చెయ్యి పెట్టాను, కాలడం లేదు.

పడమటి గోడలో ఇటుకల్ని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి కట్టారు. రాట్ ట్రాప్ బాండ్ అంటారు, కేరళలో లారీ బేకర్ గారు బాగా ప్రచారం చేసిన పద్ధతి. ఇటుక పావు వంతు దాకా మిగులుతుంది, లోపలున్న గాలి వేడిని ఆపుతుంది. మేస్త్రీకి అలవాటు లేక మొదటి రెండు వరసలు పీకి మళ్లీ కట్టాల్సి వచ్చిందట.

కింద కడప బండలు. చెప్పులు విప్పి నడిచాను, కాళ్లకి ప్రాణం లేచొచ్చింది. అయితే ఇదిగో, స్టవ్ పక్కన గుండ్రంగా తెల్ల మచ్చ. నిమ్మచెక్క పెట్టి మర్చిపోయారట. సున్నపురాయి కదా, పులుపు తగిలితే అంతే.

మండువా ఫోటోల్లో బ్రహ్మాండంగా ఉంటుంది. ఇక్కడ కోతులుంటాయి! దిగిన రెండో వారమే అరటిపళ్ల హస్తం ఎత్తుకుపోయాయట. ఇప్పుడు పైన ఇనప జాలీ, అందం సగం పోయింది. కొండ పక్కన ఇల్లు గీసేటప్పుడు ఇది ముందే తట్టాలి కదా.

నాకు బాగా నచ్చింది మాత్రం బయట ఉంది. ప్లాటు పక్కనే చిన్న వంక. పూడిస్తే కాస్త స్థలం కలిసొచ్చేది. పూడ్చలేదు, పునాదినే రోడ్డు కన్నా మూడడుగులు లేపారు. 2021 నవంబరు వానలకి తిరుపతి వీధుల్లో నీళ్లు ఎలా పారాయో చూసినవాళ్లకి దాని విలువ తెలుసు.

ఇక మిద్దె మీద బెడ్‌రూమ్. సన్‌సెట్ కోసమని పడమర అంతా అద్దమే పెట్టారు. కింద అంత ఆలోచించిన మనుషులేనా వీళ్లు! ఏసీ ఆపి ఐదు నిమిషాలు నిలబడలేకపోయాను. బయట కానుగ మొక్క నాటారు, ప్రస్తుతానికి నా మోకాలి ఎత్తుంది. అది మిద్దె దాకా ఎదిగేలోపు పగలు ఆ గది తలుపు మూసే ఉంటుందట. పదికి ఏడున్నర ఇస్తున్నా. ఆ గది లేకపోతే తొమ్మిది.