‘ఐ థాట్ ఇట్ వాజ్ గుడ్’ అంటే బాగున్నట్టా, బాగోనట్టా?

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఇవాళ మిమ్మల్ని బయటికెక్కడికీ తీసుకెళ్లట్లేదు. ఇదిగో, డ్రయర్‌లోంచి ఇప్పుడే తీసిన బట్టల గుట్ట. ఫోన్ కిటికీ గట్టుకి ఆనించాను, మడతపెడుతూ మాట్లాడుకుందాం. మధ్యలో జారి పడితే ఏమీ అనుకోకండి.

మొన్న ఆఫీసులో ఒక ప్రెజెంటేషన్ ఇచ్చాను, 40 నిమిషాలు. అయ్యాక మా టీమ్‌లో ఒకావిడ నా డెస్క్ దగ్గరికొచ్చి, “ఐ థాట్ ఇట్ వాజ్ రియల్లీ గుడ్” అని నవ్వి వెళ్లిపోయింది. నాకు అక్కడే ఆగిపోయింది బుర్ర. థాట్ అందేంటి? పైగా వాజ్ ఏంటి? ముందు బాగుందనుకుని, తర్వాత మనసు మార్చుకుందా? ఇల్లు చేరేదాకా ఇదే గోల. మావారితో చెప్తే, “మెచ్చుకున్నా ఏడుపేనా నీకు?” అన్నారు.

తప్పు నా చెవిది. తెలుగు చెవి కదా. మనం “బాగుందనుకున్నా” అంటే దాని వెనకాలే ఒక ‘కానీ’ నక్కి ఉంటుంది. “వస్తాడనుకున్నా” అంటే రాలేదనేగా! ఇంగ్లీషులో ఆ థాట్‌కి అంత అర్థం లేదండీ. ప్రెజెంటేషన్ అయిపోయింది, చూస్తున్నప్పుడే ఆవిడకో అభిప్రాయం కలిగింది, అప్పటి మాట అప్పటి కాలంలో చెప్పింది. ఇప్పటికీ అదే అభిప్రాయం. ఇక ఆ వాజ్ అంటారా, థాట్ తన వెంట లాక్కొచ్చింది. మనకి ‘అని’ ఉంది కాబట్టి “బాగుంది అని అనుకున్నాను” అన్నా లోపలి ‘బాగుంది’ చెక్కుచెదరదు. వాళ్లకి మాత్రం బయటి క్రియ వెనక్కి వెళ్తే లోపలిది కూడా సాధారణంగా వెనక్కి వెళ్లాల్సిందే.

అలాగని వాళ్లకి మన ‘కానీ’ లేకపోలేదు. అది గొంతులో ఉంటుంది. వినండి, రెండూ చెప్తాను. “ఐ థాట్ యూ’డ్ లైక్ ఇట్” అనేటప్పుడు ‘థాట్’ని ఒత్తితే, “అనుకున్నా నీకు నచ్చుతుందని!” అని. నచ్చిందన్నమాట. అదే ‘లైక్’ని ఒత్తితే, “నచ్చుతుందనుకున్నానే...” అని. నచ్చలేదన్నమాట. మనం మాటలు అటూ ఇటూ మార్చి చేసే పని వాళ్లు ఒత్తుతో చేస్తారు. ఆ రోజు ఆవిడ ఒత్తింది ‘గుడ్’నే. అదేమో మళ్లీ అనుమానానికి దారి! కానీ ఆ ‘రియల్లీ’ ఉంది, ఆ నవ్వుంది. నాకే వినపడలేదు.

సినిమా సంగతి చూడండి. నిన్న చూసినా “సినిమా బాగుంది” అంటాం. “బాగుండేది” అంటే ఇంకేదో ఉంటే బాగుండేదని అర్థం వస్తుంది. ఆ అలవాటుతోనే నేను ఎప్పుడూ “ద మూవీ ఈజ్ గుడ్” అనేసేదాన్ని. అది తప్పేం కాదు, సినిమా ఎక్కడికీ పోదుగా. కానీ నేను చూసిన అనుభవం చెప్పాలంటే “ఇట్ వాజ్ గుడ్, ఐ లవ్డ్ ఇట్” అనడమే వాళ్ల నోటికి సహజం. అదే చేతిలో పెట్టిన గిఫ్ట్ విప్పుతూ “ఐ లవ్డ్ ఇట్” అన్నారనుకోండి, ఇచ్చినవాళ్లు అయోమయంగా చూస్తారు. వస్తువు ఇంకా చేతిలోనే ఉంది కదండీ, అక్కడ “ఐ లవ్ ఇట్” అనాలి. ఇంకా తేలని ప్లాన్ మీద అడిగినా అంతే, “ఐ థింక్ ఇట్స్ గుడ్”. “ఐయామ్ థింకింగ్” అనకండి బాబూ, అది ఇంకా ఆలోచనలోనే ఉన్నానన్నట్టు ఉంటుంది.

మనుషుల గురించైతే ఇంకా జాగ్రత్త. “మా పాత మేనేజర్ చాలా మంచివారు” అంటాం. ఇందులో క్రియే లేదు, కాలం గొడవే లేదు! దాన్ని ఇంగ్లీషులో పెట్టాలంటే ఈజా, వాజా తేల్చుకోవాలి. నేను “హీ వాజ్ ఎ గుడ్ మ్యాన్” అన్నాను. ఎదుటావిడ ముఖం ఒక్కసారిగా మారిపోయింది, “ఓహ్, ఐయామ్ సో సారీ” అని నా చెయ్యి పట్టుకుంది. ఆయన నిక్షేపంగా ఉన్నారు తల్లీ! ఉద్యోగం ముగిసింది కాబట్టి “గుడ్ మేనేజర్”కి వాజ్ చెల్లుతుంది, మంచితనం ముగియలేదు కాబట్టి “గుడ్ మ్యాన్”కి ఈజ్ కావాలి. ఇది మాత్రం నాకు చెయ్యి పట్టించుకున్నాకే తెలిసింది.

అయ్యో, ఈ సాక్సుకి జత ఏదీ... సరే, దొరికినప్పుడు దొరుకుతుంది.

ఇవాళ పొద్దున మీటింగ్‌లో ఎవరో గట్టిగా నిలదీస్తే, నా ప్రెజెంటేషన్ మెచ్చుకున్న ఆవిడ చాలా నెమ్మదిగా జవాబిచ్చింది. బయటికొచ్చాక నేనే వెళ్లి, “ఐ థాట్ యూ హ్యాండిల్డ్ దట్ రియల్లీ వెల్” అన్నాను. అని, ఆవిడ ముఖంలో ఎక్కడైనా ‘కానీ’ కనిపిస్తుందేమోనని చూశాను. “థాంక్యూ, ఐ వాజ్ సో నెర్వస్” అంది, అంతే. సరే అండీ, ఈ మడతలు బీరువాలో పెట్టేసి వస్తాను, ఉంటాను మరి.