పగవాడు లేని మనిషి హత్య

సభకు నమస్కారం. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఒకే ఒక్క నవల గురించి. జపాన్ రచయిత మత్సుమోతో సెయిచో రాసిన 'సునా నో ఉత్సువా'. 1960 మే నుంచి 1961 ఏప్రిల్ దాకా యోమియురి దినపత్రిక సాయంకాలపు సంచికలో ధారావాహికగా వచ్చింది. ఇంగ్లీషులో 1989లో 'ఇన్‌స్పెక్టర్ ఇమనిషి ఇన్వెస్టిగేట్స్' అన్న పేరుతో అచ్చయింది. ఒక సంగతి ముందే చెప్పేస్తాను. హంతకుడెవరో, ఎందుకు చంపాడో ఇక్కడ దాచబోను. దాచిపెట్టి ఈ నవల గొప్పతనం గురించి మాట్లాడటం కుదరదు. హంతకుడి పేరు తెలిశాక కూడా వదలకుండా చదివించే పుస్తకం ఇది, నమ్మండి.

చిన్న ఊరు, అందులో ఒక కుటుంబం, ఆ కుటుంబానికొక గుట్టు. అపరాధ పరిశోధన నవలలు చదివే వాళ్లందరికీ ఇది తెలిసిన దారే. మామూలుగా ఆ గుట్టు ఏమై ఉంటుంది? దొంగ వీలునామా, బయటికి చెప్పుకోలేని సంతానం, ఎప్పుడో పెరట్లో పూడ్చిపెట్టిన శవం. అంటే ఎవరో తప్పు చేశారు, ఇంటిల్లిపాదీ కలిసి దాన్ని కప్పిపుచ్చారు. మత్సుమోతో నవలలోని గుట్టు తప్పు కాదు, జబ్బు. దాన్ని గుట్టుగా మార్చింది ఆ కుటుంబం కాదు, ఊరూ ప్రభుత్వమూ. ఈ ఒక్క తేడాతో నేరమనే మాటకు నవలలో అర్థం మారిపోతుంది. నేను చెప్పదలచుకున్నది ఇదే.

కథలోకి వెళదాం. టోక్యోలో కమాతా రైల్వే యార్డు. తెల్లవారుజామున రైలు పెట్టె కింద ఒక పెద్దాయన శవం దొరుకుతుంది. ముఖం ఆనవాలు పట్టడానికి వీల్లేకుండా ఉంది. ముందు రాత్రి స్టేషన్ దగ్గరి చౌకరకం బార్లో ఆయన ఒక యువకుడితో మాట్లాడటం కొందరు చూశారు. విన్నవాళ్లకు గుర్తున్నవి రెండే: మాట్లాడింది ఈశాన్య జపాన్ యాసలో, మాటల్లో 'కమేదా' అనే పేరు వచ్చింది. ఇంతే ఆధారం. నడివయసు డిటెక్టివ్ ఇమనిషి, అతని యువ సహచరుడు యోషిమురా కలిసి ఈశాన్యాన అకితా ప్రాంతంలో ఉన్న కమేదాకు రైలెక్కుతారు. ఏమీ దొరకదు. ఖాళీ చేతులతో తిరిగి వస్తారు.

ఇమనిషి గురించి ఒక మాట చెప్పాలి. అతను మేధావి కాదు. హైకూలు రాసుకుంటాడు, ఇంట్లో చిన్న మొక్కలు పెంచుకుంటాడు, ఖర్చు చూసుకుని ప్రయాణం చేస్తాడు. అతనికున్నదల్లా ఓపిక. రాత్రి రైల్లోంచి ఒకామె కిటికీలో నుంచి తెల్లటి కాగితం ముక్కలు వెదజల్లిందని ఎవరో సరదాగా రాసిన వ్యాసం అతని కంట పడుతుంది. అవి కాగితం ముక్కలు కాకపోతే? హంతకుడి రక్తపు చొక్కాను ముక్కలుగా కత్తిరించి పారేసి ఉంటే? ఎండలో పట్టాల వెంట నడుచుకుంటూ గడ్డిలో వెతుకుతాడు. చివరికి రక్తపు మరకలున్న గుడ్డ పీలికలు దొరుకుతాయి. ఆ పుటలు చదువుతున్నప్పుడు మనకే మెడ నొప్పి పుడుతుంది. తుపాకీ పేలుళ్లు లేకుండా ఉత్కంఠ ఎలా పుట్టించాలో నేర్చుకోవాలనుకునేవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవాలి.

కొన్నాళ్లకు చనిపోయిందెవరో తెలుస్తుంది. మికి కెనిచి. ఒకయామా ప్రాంతంలో చిన్న కిరాణా కొట్టు నడుపుకొనే మనిషి, అంతకుముందు పోలీసు. ఇసే పుణ్యక్షేత్రానికి వెళ్లొస్తానని ఇంట్లో చెప్పి బయల్దేరాడు. ఈశాన్య ప్రాంతంతో ఆయనకు ఏ సంబంధమూ లేదు. మరి ఆ యాస ఎక్కడిది? ఇమనిషి భాషా పరిశోధకుల దగ్గరకు వెళతాడు. అచ్చం ఈశాన్యపు యాసలా వినిపించే మాట జపాన్‌లో ఇంకొక చోట కూడా ఉందని వాళ్లు చెబుతారు. ఎక్కడో పడమటి తీరంలో, షిమానే జిల్లాలోని ఇజుమో సీమలో. పటం తెరిచి చూస్తే ఆ కొండల మధ్య ఒక ఊరు కనబడుతుంది. దాని పేరు కమేదాకే. బార్లో విన్నవాళ్ల చెవిన చివరి అక్షరం పడలేదు. మికి అక్కడ చాలాకాలం పోలీసుగా పనిచేశాడు.

ఇక్కడ కొంచెం ఆగుదాం. నవలకు గుండెకాయ ఈ భాగమే. కమేదాకే నిజమైన ఊరు, ఇప్పుడు ఒకుఇజుమో పట్టణంలో భాగం. పూసల చట్రాల లెక్కపలకలకు పేరుపొందింది. ఆ లెక్కపలకల వ్యాపారం చేసే పెద్దాయన ఒకరు మికికి పాత స్నేహితుడు. ఇమనిషి ఆయన ఇంట్లో కూర్చుని అడుగుతాడు: మికికి శత్రువులెవరైనా ఉన్నారా? ఎవరితోనైనా గొడవపడ్డాడా? పెద్దాయన చెప్పేదంతా పొగడ్తే. మికి దేవుడిలాంటి మనిషి, ప్రాణాలకు తెగించి మనుషులను కాపాడాడు, పేదవాళ్లకు చేతనైనంత సాయం చేశాడు, ఒకసారి ఊళ్లోకి జబ్బు మనిషి బిచ్చమెత్తుకుంటూ చిన్న కొడుకుతో వస్తే వాళ్లనూ ఆదుకున్నాడు. ఊరంతా ఇదే మాట. ఇమనిషి నీరసపడిపోతాడు. అంత దూరం ప్రయాణం చేసి వచ్చింది పగవాడి కోసం. పగవాడు లేడు.

హత్యకు కారణం ఆ పొగడ్తలోనే ఉంది. ఊరు దాన్ని దాచలేదు, గర్వంగా చెప్పింది. వినేవాడు పగ కోసం చెవులు రిక్కించాడు కాబట్టి మేలు వినబడలేదు. ఆ పాత్ర చేత రహస్యం మొత్తం చెప్పించి కూడా రచయిత దాన్ని పాఠకుడికి కనబడనివ్వలేదు. ఆధారం దాచడానికి ఇంతకంటే నిజాయితీగల పద్ధతి నాకు తెలియదు.

అసలు జరిగింది ఇది. 1938లో మొతోఉరా చియోకిచి అనే మనిషి కుష్టు వ్యాధితో ఊరు విడిచి, కొడుకు హిదేఓను వెంటబెట్టుకుని దేశమంతా తిరుగుతూ కమేదాకేకు చేరాడు. అక్కడ పోలీసుగా ఉన్న మికి, చియోకిచిని కుష్టురోగుల ఆశ్రమానికి పంపించాడు. ఏడేళ్ల పిల్లవాణ్ణి చేరదీశాడు. ఆ పిల్లవాడు పారిపోయాడు. తర్వాత ఒసాకా చేరాడు. 1945 మార్చిలో అమెరికా విమానాలు ఒసాకాపై బాంబులు కురిపించినప్పుడు అక్కడి కుటుంబ నమోదు పుస్తకాలు తగలబడిపోయాయి. జపాన్‌లో ప్రతి కుటుంబానికీ ప్రభుత్వం దగ్గర ఒక నమోదు ఉంటుంది. పుట్టుక, పెళ్లి, చావు అన్నీ అందులోకే ఎక్కుతాయి. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు దాన్ని తిరగేసి చూసేవాళ్లు. కాలిపోయిన నమోదులను జనం చెప్పినదాన్నిబట్టి తిరిగి రాశారు. ఆ సందులో హిదేఓ చనిపోయిన ఒక దంపతుల కొడుకుగా వాగా ఎయిర్యో అనే కొత్త పేరుతో పుట్టాడు. పెరిగి పెద్దవాడై పేరున్న సంగీతకర్త అయ్యాడు. మాజీ మంత్రి కూతురితో పెళ్లి కుదిరింది.

ఇసేలో ఒక సినిమా హాల్లో వేలాడదీసిన ఫోటోలో మికి ఆ ముఖం గుర్తుపట్టాడు. మరుసటి రోజు కూడా వెళ్లి చూశాడు. వెంటనే టోక్యో రైలెక్కాడు. ఎందుకు? బెదిరించడానికి కాదు, డబ్బుకు కాదు. తన చేతుల్లో తిరిగిన పిల్లవాడు ఇంతవాడయ్యాడని కళ్లారా చూసుకోవడానికి. ఆ ప్రేమే ఆయన ప్రాణం తీసింది. వాగా ఎవరి కొడుకో తెలిసిన మనిషి లోకంలో ఆయనొక్కడే.

వాగాను నేను వెనకేసుకు రావడం లేదు. అతను చేసింది హత్య, అదీ తనకు మేలు చేసినవాణ్ణి. కానీ అతనికి ఆ భయం ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. జపాన్ 1907లో చేసిన చట్టంతో ఊళ్లవెంట తిరిగే కుష్టురోగులను పట్టుకుని వేరుపెట్టడం మొదలుపెట్టింది. 1931లో ఆ చట్టాన్ని రోగులందరికీ వర్తింపజేసింది. ఆ దశకంలోనే 'మా జిల్లాలో కుష్టు లేదు' అనిపించుకోవడానికి జిల్లాలు పోటీపడ్డాయి, ఇరుగుపొరుగు వాళ్లే సమాచారం ఇచ్చారు. రోగిని తీసుకెళ్లాక అధికారులు వచ్చి అందరూ చూస్తుండగా ఆ ఇంటిమీద క్రిమిసంహారకం చల్లేవారు. ఆ తర్వాత ఆ ఇంటి ఆడపిల్లకు పెళ్లి కాదు. తోబుట్టువులకు పని దొరకదు. ఆశ్రమాల్లో చాలామంది మారుపేర్లతో బతికారు, సొంతవాళ్లకు మచ్చ రాకూడదని. చనిపోతే అస్థికలు తీసుకెళ్లడానికి కూడా ఇంటివాళ్లు రాలేదు. అందుకే ఆశ్రమాల్లోనే అస్థికల మందిరాలు కట్టుకున్నారు.

ఇప్పుడు మికిని మళ్లీ చూడండి. మంచి మనసుతోనే ఆ చట్టాన్ని అమలు చేశాడు. తండ్రికి వైద్యం, పిల్లవాడికి నీడ అనుకున్నాడు. పిల్లవాడి వైపు నుంచి చూస్తే ఉన్న ఒక్క మనిషినీ ఆ రోజు లాక్కుపోయారు. ఇవి రెండూ నిజమే, మత్సుమోతో రెంటినీ కలిపి నిలబెట్టాడు. కొకురాలో పేదింట్లో పెరిగి, పెద్ద చదువు లేకుండా పత్రికాఫీసులో అచ్చుకు బొమ్మలు గీసే పని చేసి, నలభై దాటాక రచయిత అయినవాడు. కిందినుంచి పైకి ఎక్కడం ఎలాంటిదో, కిందికి లాగేదేమిటో ఆయనకు బాగా తెలుసు.

ఇదంతా జపాన్ గొడవ అని మనం తప్పుకోలేం. మన ఇళ్లలో ఆ జబ్బును పేరుపెట్టి పిలిచేవారు కాదు, 'పెద్దరోగం' అనేవారు. డిచ్‌పల్లి, సాలూరు ఆసుపత్రుల పేర్లు చెబితేనే గొంతు తగ్గించే కాలం ఒకటుంది. మన దేశంలో 1898 నాటి కుష్టురోగుల చట్టం 2016లో గాని రద్దు కాలేదు. భార్యకో భర్తకో కుష్టు ఉంటే విడాకులు కోరవచ్చన్న నిబంధనను మన వివాహ చట్టాల్లోంచి 2019లో తీసేశారు. బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది 1981లో! ఆరు నెలలో, ఏడాదో మందులు మింగితే నయమయ్యే జబ్బు అది, మందులు ఉచితం. అయినా చట్టం దాన్ని కాపురం కూలగొట్టే కారణంగానే ఇన్నేళ్లు ఉంచింది. అలాంటప్పుడు ఏ ఇంట్లోనైనా గుట్టు పుట్టదా? నేరకథలు రాసే మిత్రులు ఈ సభలో కొందరున్నారు. వారికి నా విన్నపం ఒకటే. మీ పాత్ర ఏం దాస్తోందో నిర్ణయించుకున్నాక, దాచకపోతే ఊరు దాన్ని ఏం చేసేదో కూడా రాయండి.

నవలలో లోపాలు లేవా? ఉన్నాయి. మికి హత్య తర్వాత నవలలో ఇంకా కొన్ని చావులున్నాయి; వాటికి వాడిన అతిధ్వని యంత్రం, అంటే చెవికి వినబడని శబ్దం పుట్టించే యంత్రం, నాకు నమ్మశక్యంగా అనిపించలేదు. యాదృచ్ఛికాలు ఎక్కువ. పెద్ద అభ్యంతరం వేరే ఉంది. 1974లో నొమురా యొషితారో దీన్ని సినిమాగా తీస్తున్నప్పుడు రోగుల సంఘం వ్యతిరేకించింది, ఇలా చూపిస్తే జనంలో ఉన్న భయం ఇంకా పెరుగుతుందని. చివరికి, ఈ జబ్బు ఇప్పుడు నయమవుతుందని చెప్పే అక్షరాలు సినిమా ఆఖరున వేశారు. వాళ్ల అభ్యంతరం న్యాయమైనదని నా అభిప్రాయం. మత్సుమోతో నవల రాసేనాటికే మందులున్నాయి, ఆయన పుస్తకం ఆ సంగతిని గట్టిగా చెప్పలేదు.

అదే సినిమాలో తండ్రి బతికే ఉంటాడు, నవలలో అప్పటికే చనిపోయాడు. డిటెక్టివ్ ఆశ్రమానికి వెళ్లి ఎదిగిన కొడుకు ఫోటో చూపిస్తాడు. ముసలాయన గుర్తుపడతాడు, వెక్కి వెక్కి ఏడుస్తాడు, అలాంటి మనిషిని నేనెరగనని అరుస్తాడు. నవలలో లేని ఈ ఘట్టం నవల కంటే గొప్పగా ఉందని ఒప్పుకోవాలి. మరి 2004లో వచ్చిన టీవీ ధారావాహికలో జబ్బును తీసేసి తండ్రిని ఊరివాళ్లను చంపిన హంతకుడిగా మార్చారు. ఎవరినీ నొప్పించకూడదన్న ఉద్దేశం అర్థమవుతుంది. కానీ ఆ మార్పుతో కొడుకు దాచేది తండ్రి నేరమైపోయింది. ఏ తప్పూ చేయని మనిషిని దాచుకోవలసి రావడమనే అసలు దుఃఖం కథలోంచి వెళ్లిపోయింది.

జపాన్‌లో కుష్టురోగులను వేరుపెట్టే చట్టం 1996లో గాని రద్దు కాలేదు. 2001 మేలో కుమమొతో జిల్లా కోర్టు ఆ నిర్బంధం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లకుండా క్షమాపణ కోరింది. 2019 జూన్‌లో అదే కోర్టు రోగుల కుటుంబాలకూ నష్టపరిహారం ఇవ్వాలని చెప్పింది. దావా వేసినవాళ్లు 561 మంది, అంటే హిదేఓ లాంటి కొడుకులు, కూతుళ్లు, తోబుట్టువులు. కేసు గెలిచారు కదా, ఇక దాచుకోవలసిన పని లేదనుకుంటాం. వాళ్లలో సొంత పేరు బయటపెట్టినవాళ్లు కొద్దిమందే. మిగిలినవాళ్లు కోర్టు కాగితాల్లో అంకెలుగానే ఉండిపోయారు.

పుస్తకం చదివేటప్పుడు కమేదాకే అధ్యాయాల దగ్గర కాస్త నెమ్మదించండి. ఇప్పుడు మీరు అడగదలచుకున్నవి అడగండి, సినిమా గురించి నాతో విభేదించేవాళ్లు ముందుగా మాట్లాడితే సంతోషిస్తాను.