సెట్టింగులు కలిపే ముందు

అందరికీ నమస్కారం. ఆఫీసు అయ్యాక రుషికొండ నుంచీ, మధురవాడ నుంచీ ట్రాఫిక్‌లో పడి సిరిపురం దాకా వచ్చారు. అందుకని నేరుగా విషయంలోకి వెళ్తాను.

కొత్త ప్రాజెక్టు మొదలవుతుంది. "పాతదాంట్లో ఎలా ఉందో అలాగే పెట్టేయండి" అంటారు మేనేజరు గారు. జిరాలో, అంటే టీమ్ పనుల్ని టికెట్లుగా రాసుకుని నడిపించే ఆ సాఫ్ట్‌వేర్‌లో, కొత్త ప్రాజెక్టు తెరిచేటప్పుడు, ఇప్పటికే ఉన్న ప్రాజెక్టుతో సెట్టింగులు పంచుకునే ఆప్షన్ కనిపిస్తుంది. టిక్ పెడితే పని అయిపోతుంది. కానీ అక్కడ జరిగింది కాపీ కాదండీ. ఆ క్షణం నుంచి రెండు ప్రాజెక్టులూ ఒకే సెట్టింగు మీద నడుస్తాయి. అపార్ట్‌మెంట్‌లో అందరికీ కలిపి ఒకే ఓవర్‌హెడ్ ట్యాంకు ఉన్నట్టు అనుకోండి. మూడో అంతస్తు వాళ్ల రిపేరు కోసం పైన మెయిన్ వాల్వు కట్టేస్తే, ఐదో అంతస్తులోనూ నీళ్లు రావు.

కంపెనీ-మేనేజ్డ్ ప్రాజెక్టుల్లో, అంటే సెట్టింగులు జిరా అడ్మిన్ చేతిలో ఉండేవాటిల్లో, ఈ సెట్టింగులన్నీ స్కీమ్‌ల రూపంలో, అంటే కట్టలుగా ఉంటాయి. వర్క్‌ఫ్లోకి, అంటే టికెట్ ఏయే దశలు దాటాలో దానికి, ఒక స్కీమ్, పర్మిషన్లకి ఒకటి, నోటిఫికేషన్లకి ఒకటి, ఏ గడులు కనిపించాలో చెప్పే స్క్రీన్లకి ఒకటి, ఫీల్డులకి, అంటే ఆ గడులకి, ఒకటి. ఒక్కో స్కీమ్‌ని ఎన్ని ప్రాజెక్టులకైనా తగిలించవచ్చు. వెర్షన్లు (రిలీజులు), కాంపొనెంట్లు (ప్రాజెక్టులోని భాగాలు) మాత్రం ఈ దారిలో రావు, అవి ఏ ప్రాజెక్టువి ఆ ప్రాజెక్టువే.

మధురవాడలో ఒక కంపెనీలో జరిగింది చెప్తాను. డెవలప్‌మెంట్ టీమ్‌దీ సపోర్ట్ టీమ్‌దీ ఒకే ఫీల్డ్ కాన్ఫిగరేషన్, అంటే ఏ ఫీల్డు తప్పనిసరో చెప్పే సెట్టింగు. స్క్రీన్లు మాత్రం సపోర్ట్ వాళ్లు ఎప్పుడో వేరు చేసుకున్నారు. శుక్రవారం సాయంత్రం డెవలప్‌మెంట్ లీడ్ అడిగితే అడ్మిన్ "రూట్ కాజ్" అనే ఫీల్డుని తప్పనిసరి చేశారు. డెవలపర్లకి ఏ ఇబ్బందీ లేదు, వాళ్ల స్క్రీన్ మీద ఆ ఫీల్డు ఉంది. సోమవారం పొద్దున్న సపోర్ట్ అమ్మాయి, లైన్‌లో కస్టమర్ ఉండగా, వివరాలన్నీ నింపి క్రియేట్ నొక్కింది. రూట్ కాజ్ నింపాలని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. నింపుదామంటే ఆ గడి స్క్రీన్ మీద లేదు! పేజీ రిఫ్రెష్ చేసింది, బ్రౌజర్ మార్చింది, నెట్ బాలేదేమో అనుకుంది. పక్క సీట్లోనూ అదే పరిస్థితి. మధ్యాహ్నం దాకా టికెట్లన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

జిరా తన పని తాను సరిగ్గానే చేసింది. ఒక స్కీమ్ కలిసి ఉంది, ఇంకొకటి విడిపోయింది, ఆ సంగతి ఎవరి దగ్గరా రాసి లేదు. ఇలా సగం కలిపి సగం విడదీసిన ప్రాజెక్టులే నా లెక్కలో అన్నిటికంటే ప్రమాదం.

మరి ఏవి కలపాలి? పర్మిషన్ స్కీమ్ ధైర్యంగా కలపండి, కానీ దాంట్లో మనుషుల పేర్లు పెట్టకండి, రోల్స్ పెట్టండి. "డెవలపర్ రోల్‌లో ఉన్నవాళ్లు టికెట్ మూసేయవచ్చు" అన్న నియమం అందరిదీ. ఆ రోల్‌లో ఎవరున్నారన్నది ఏ ప్రాజెక్టుకు ఆ ప్రాజెక్టు చూసుకుంటుంది. మనిషి టీమ్ మారినా స్కీమ్ ముట్టుకోనక్కర్లేదు.

వర్క్‌ఫ్లో దగ్గర మాత్రం ఆచితూచి అడుగేయండి. ఈ రెండు టీమ్‌లూ పని చేసే పద్ధతి ఒకటేనా? వచ్చే ఏడాది కూడా ఒకటేనా? ఒకరి కోసం మార్చినది రెండోవాళ్లకీ మారడం ఇష్టమేనా? దీనికి ఆ రెండో టీమ్ లీడ్ స్వయంగా అవునంటేనే కలపండి. లేదంటే వర్క్‌ఫ్లోని కాపీ చేసి, కొత్త పేరు పెట్టి విడిగా ఇవ్వండి. ఇంకో సంగతి, చాలామంది గమనించరు: వర్క్‌ఫ్లో ఒక్క ప్రాజెక్టుదే అయితే, తగిన పర్మిషన్ ఉన్న ప్రాజెక్ట్ అడ్మిన్ దాన్ని కొంతవరకు తానే మార్చుకోగలడు. పంచుకున్న వర్క్‌ఫ్లో అయితే ఆ వీలు పోతుంది, ప్రతి చిన్న మార్పుకీ జిరా అడ్మిన్ చుట్టూ తిరగాల్సిందే.

జిరాలోనే ఉన్న రెండో రకం, టీమ్-మేనేజ్డ్ ప్రాజెక్టుల్లో ఈ తలనొప్పి ఉండదు, ఎవరి సెట్టింగులు వాళ్లవి. చిన్న టీమ్‌కి అది హాయి. అలాంటివి పదుల సంఖ్యలో పెరిగాక అన్నిటికీ కలిపి ఒక రిపోర్టు తీయమంటే మాత్రం చుక్కలు కనిపిస్తాయి.

జిరా లాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ రెడ్‌మైన్, అది వాడేవాళ్లూ ఇక్కడ ఉన్నారు. అక్కడ ట్రాకర్లు (టికెట్ల రకాలు), రోల్స్, వర్క్‌ఫ్లో మొదటి నుంచీ సైట్ మొత్తానికి ఉమ్మడి. ప్రాజెక్టు చేతిలో ఉన్నది ఏ ట్రాకర్లు వాడాలో ఎంచుకోవడమే. కాబట్టి ఒక టీమ్ పద్ధతి వేరైతే దానికి వేరే ట్రాకరే పెట్టండి. రెడ్‌మైన్‌లో ఒక సౌకర్యం నాకు చాలా ఇష్టం: ఒక వెర్షన్‌ని సబ్‌ప్రాజెక్టులతోనో, మొత్తం ప్రాజెక్టులన్నిటితోనో పంచుకోవచ్చు. ఒకే రిలీజ్ మీద నాలుగు టీమ్‌లు పనిచేసే చోట అది బంగారం.

రేపు ఆఫీసుకి వెళ్లగానే అడ్మిన్ పేజీలో ఒక్కో స్కీమ్ ఏయే ప్రాజెక్టులకు తగిలించి ఉందో చూడండి, ఆ జాబితా అక్కడే ఉంటుంది. ఫీల్డ్ కాన్ఫిగరేషన్ నుంచి మొదలుపెట్టండి. స్కీమ్ వివరణ గడి ఖాళీగా ఉంటే, ఇది ఎవరెవరిది, మార్చాలంటే ఎవరిని అడగాలి అని రెండు వాక్యాలు రాసేయండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.