లాంగ్ రైడ్‌లో గాలి చేసే పని

అందరికీ నమస్కారం.

బైక్ మీద లాంగ్ రైడ్ ముగించి వచ్చినవాళ్లను కదిలిస్తే ముందు సీటును తిడతారు. ఆ తర్వాత నడుము, మణికట్లు. గాలి పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. నన్నడిగితే రైడర్ ఓపికను ఎక్కువగా లాగేసేది గాలే. నడుం పట్టేస్తే వెంటనే తెలుస్తుంది, గాలి దెబ్బ మాత్రం సాయంత్రానికి గానీ తెలియదు. అందుకే ఇవాళ ఎక్కువసేపు దాని గురించే మాట్లాడతాను.

ముందు నీళ్ల సంగతి. ఎండలో నిలబడితే చెమట కారుతుంది, తుడుచుకుంటాం, నీళ్లు గుర్తొస్తాయి. బండి మీద పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. చొక్కా పొడిగా ఉంది కదా, చెమటే పట్టలేదనుకుంటాం. మధ్యాహ్నం తలనొప్పి మొదలైతే హెల్మెట్ బిగుతైందేమో అనుకుంటాం. దాహం వేసేసరికే ఒంట్లో నీరు కొంత తగ్గిపోయి ఉంటుంది. కాబట్టి దాహంతో పని లేకుండా ఆగిన ప్రతిచోటా నాలుగు గుక్కలు తాగండి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తే తాగింది చాలలేదని లెక్క. రోజంతా ఎండలో నడిపితే నీళ్లతో పాటు ఉప్పు కూడా పోతుంది, ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి బ్యాగులో ఉంచుకోండి. మాటిమాటికీ టాయిలెట్‌కి ఆగాల్సి వస్తుందని నీళ్లు మానేసేవాళ్లూ ఉన్నారు. ఆగితే మంచిదేనండీ, కాళ్లలో రక్తం కదులుతుంది.

ఎండ బాగా ముదిరితే గాలి ఇంకో పని చేస్తుంది. మన చర్మం వేడి సుమారు 33 నుంచి 35 డిగ్రీలు. బయట 40 ఉందనుకోండి, ఆ గాలి తగిలేకొద్దీ ఒంట్లోకి వేడి చేరుతుంది. అప్పుడు కాపాడేది చెమట ఒక్కటే. జాకెట్ విప్పేస్తే హాయిగా అనిపిస్తుంది గానీ, ఆ వడగాలికి ఒంట్లో నీరు ఇంకా త్వరగా పోతుంది. పడితే చర్మం లేచిపోవడం సరేసరి. నేను చెప్పేది ఏంటంటే, లోపలి టీషర్ట్ తడుపుకుని పైన జాకెట్ వేసుకోండి, గాలి ఆడటానికి దానికుండే వెంట్లు కొద్దిగా మాత్రం తెరవండి. తడి నెమ్మదిగా ఆరుతూ చల్లబరుస్తుంది. ఉక్కపోతగా ఉండేచోట ఈ చిట్కా పెద్దగా పనిచేయదు.

చలి లెక్క వేరు. 10 డిగ్రీల చలిలో గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఒంటికి అది 4 డిగ్రీల్లా తగులుతుంది. వేళ్లు మొద్దుబారితే బ్రేక్ పట్టడం ఆలస్యమవుతుంది. వణుకు మొదలైతే ఇంకో పది కిలోమీటర్లే కదా అనుకోకుండా ఆపేయండి.

ఇక చెవులు. ఎవరూ పట్టించుకోనిది ఇదే. ఆ 100 వేగంలో హెల్మెట్ లోపల గాలి హోరు 95 డెసిబెల్స్ దాటడం మామూలే. ఫుల్ ఫేస్ హెల్మెట్ పెట్టుకున్నా గడ్డం కింద నుంచి వచ్చే హోరు ఆగదు. పనిచేసేచోట జనం ఆరోగ్యం, భద్రత మీద పరిశోధన చేసే అమెరికా సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. అంటే 94 దగ్గర మిగిలేది ఒక్క గంట. బండి దిగాక చెవుల్లో గుయ్‌మంటోందంటే హద్దు దాటినట్టే. చిరాకు, నీరసం కూడా చాలావరకు ఆ హోరు పుణ్యమే.

దీనికి ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ చాలు. కాకపోతే చాలామంది వాటిని చెవి ద్వారం దగ్గర ఆనించి వదిలేస్తారు. ప్లగ్‌ను వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవి పైఅంచును పైకీ వెనక్కీ లాగాలి. అప్పుడు దారి తిన్నగా అవుతుంది. లోపలికి తోసి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోండి. హారన్ వినపడదని టెన్షన్ వద్దు. హోరు తగ్గడంతో హారన్, ఇంజిన్ చప్పుడు విడిగా తెలుస్తాయి. కొన్నిచోట్ల చట్టం వీటిని ఒప్పుకోదు, అది చూసుకోండి.

సీటు గురించి రెండు ముక్కలు. మరీ మెత్తటి సీటు గంటలో అణిగిపోతుంది. లావు కుట్లున్న జీన్స్ వేసుకోకండి, అప్పుడప్పుడూ కాళ్లు పెట్టుకునే ఫుట్‌పెగ్స్ మీద లేచి నిలబడండి.

నిద్ర దగ్గర మాత్రం బేరాల్లేవు. 90 వేగంలో సెకనుకు 25 మీటర్లు పోతాం. నాలుగు సెకన్లు కునుకు పడితే 100 మీటర్లు బండిని ఎవరూ నడపనట్టే. హెల్మెట్ అద్దం (వైజర్) ఎత్తడం, పాటలు పాడటం కాసేపటి ముచ్చట. కాఫీ పని మొదలుపెట్టడానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది కాబట్టి, తాగేసి ఆ ఇరవై నిమిషాలూ పడుకోండి. జలుబు మాత్రల్లో చాలావాటికి మత్తు ఉంటుంది, వేసుకునే ముందు అడగండి.

చేతుల తిమ్మిర్ల గురించి ఇందాక ఒకరు అడిగారు. హ్యాండిల్‌ను గట్టిగా పిసకడం ఒక కారణం. మోకాళ్లతో ట్యాంక్‌ను పట్టుకుంటే చేతుల మీద బరువు తగ్గుతుంది. ఇంకో కారణం హ్యాండిల్ మీది క్లచ్, బ్రేక్ లివర్ల కోణం. వేళ్లు చాచి క్లచ్ మీద పెడితే ముంజేయి, వేళ్లు ఒకే గీతలో రావాలి. మణికట్టు పైకి విరుగుతోందంటే లివర్‌ను కాస్త కిందికి తిప్పుకోవాలి. రెంచ్ తెచ్చాను, బయట మీ బండ్ల దగ్గరే చూద్దాం రండి.