పరిచర్యలో దాక్కున్న గర్వం

సంఘ కాపరి అయ్యగారికి, పెద్దలకు, సహోదరీ సహోదరులకు ప్రభువు నామంలో వందనాలు. నన్ను పరిచయం చేసిన తమ్ముడు చాలాసేపు మాట్లాడాడు. చివర్లో ‘వినయానికి మారుపేరు’ అని కూడా అన్నాడు. ఇప్పుడు నేను లేచి ‘నాదేముందండీ, అంతా దేవుని కృప’ అన్నాననుకోండి, ఆ మాటకీ నాకో మార్కు పడుతుంది. అందుకే ఏమీ అనకుండా వాక్యంలోకి వెళ్తున్నాను.

మూడు అంశాలు రాసుకొచ్చాను. గర్వం పుట్టుక, దాని గుర్తులు, దానికి మందు. మొదటిది మీకు కొత్త కాదు. ‘నాశనమునకు ముందు గర్వము నడచును’ అన్న సామెతల వాక్యం ముందు వరసలో కూర్చున్న పిల్లలకు కూడా కంఠస్థమే. డబ్బు గర్వం, చదువు గర్వం పైకి కనబడిపోతాయి, వాటి మీద బోలెడు ప్రసంగాలు విన్నాం. నాకు భయమేసేది మోకాళ్ల మీద ఉన్నప్పుడు వచ్చే గర్వం.

బైబిల్లో యూదా రాజు ఉజ్జియాను చూడండి. 16 ఏళ్లకే సింహాసనమెక్కి యెరూషలేములో 52 ఏళ్లు ఏలాడు. బురుజులు కట్టించాడు, తొట్లు తవ్వించాడు, సేద్యమంటే ప్రాణం. అంతా బాగుంది. ఆయన పడింది మాత్రం మందిరంలో. రాజుకు లేనిది యాజకుల పని ఒక్కటే, అదీ కావాలనిపించింది. ధూపం వేయబోయాడు. ప్రధాన యాజకుడు అజర్యా, ఆయన వెంట 80 మంది యాజకులు వచ్చి అడ్డుపడితే మండిపడ్డాడు. ఆ కోపంలో ఉండగానే నుదుట కుష్ఠు పుట్టింది. కుష్ఠు సంగతి అందరూ చెబుతారు, నేను ఆ కోపం దగ్గరే ఆగిపోతాను. చేతిలో ధూపార్తి, మొహంలో కోపం! పాట ఎవరు ఎత్తుకోవాలి, చివరి ప్రార్థన ఎవరు చేయాలి అన్నప్పుడు మన మొహాలు ఎలా మారతాయో మనకు తెలియకపోవచ్చు. పక్కవాళ్లకు తెలుసు.

ఇంకా ఉన్నాయి. ‘ఫలానా సహోదరుడి కోసం ప్రార్థించండి, పాపం పడిపోయాడు’ అని మనవి చెప్పేటప్పుడు గొంతులో దాగిన ఆ చిన్న సంతోషం... సరే, దాని జోలికి వెళ్తే సాయంత్రమవుతుంది.

రెండో అంశం కింద చాలా గుర్తులు రాసుకున్నాను గానీ, కాగితం పక్కన పెట్టి ఒక పెద్దాయన గురించి చెప్పాలనుంది. పేరు చెప్పను. మా సంఘంలో అందరికంటే ముందొచ్చి తలుపులు తీసేవారు. కుర్చీలు తుడిచేవారు, మైకు సరిచూసేవారు, అందరూ వెళ్లాక తాళం వేసేవారు. వేదిక మీదికి రమ్మంటే రారు, ఫొటోలో నిలబడరు. ఆయనకు జబ్బు చేసింది. కుర్రాళ్లు వెళ్లి, ‘తాతగారూ, తాళంచెవి ఇవ్వండి, మేం చూసుకుంటాం’ అన్నారు. ఇవ్వలేదు. దిండు కింద పెట్టుకుని పడుకున్నారు. ఆదివారం పొద్దున మనవడి భుజం పట్టుకుని ఆయాసపడుతూ వచ్చి తానే తలుపు తీశారు. చూసినవాళ్లు కళ్లు తుడుచుకుని, ‘ఎంత భక్తి, ఎంత తగ్గింపు!’ అన్నారు.

అది తగ్గింపేనా? మిమ్మల్నే అడుగుతున్నాను.

యోహాను 13లో ప్రభువు తువాలు నడుముకు కట్టుకుని, శిష్యుల పాదాలు కడుగుతూ పేతురు దగ్గరకొచ్చాడు. ‘నీవెన్నడును నా పాదములు కడుగరాదు’ అన్నాడు పేతురు. వినడానికి ఎంత వినయంగా ఉంది! కానీ ప్రభువు మెచ్చుకోలేదు. ‘నేను నిన్ను కడుగనియెడల నాతో నీకు పాలు లేదు’ అన్నాడు, అంటే నాలో నీకు వాటా లేదని. ఇంకొకళ్ల కాళ్లు కడగడం చాలామందికి చేతనవుతుంది. కడిగించుకోవడమే కష్టం. మంచం మీదున్నప్పుడు ఒకరు వచ్చి చేస్తే ‘వద్దు వద్దు, మీకెందుకు శ్రమ’ అంటాం. చేసేవాడిగానే ఉండాలి, చేయించుకునేవాడిగా ఉండకూడదు. నా లెక్కలో బాగా లోపల దాక్కున్న గర్వం ఇదే.

అయిదో శతాబ్దంలో మఠాల జీవితం గురించి రాసిన జాన్ కాసియన్ ఈ సంగతి ఎప్పుడో పట్టుకున్నాడు. మంచి బట్టలతో పడని మనిషిని కీర్తి కాంక్ష మాసిన బట్టలతో పడగొడుతుందంటాడు. అంటే వేదిక ఎక్కినవాడికే కాదు, ఎక్కనన్నవాడికీ ప్రమాదం ఉంది.

ఆ పెద్దాయన్ని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. నా బాధ మన మీద. ‘మీరు లేకపోతే సంఘం లేదండీ’ అని ఏళ్ల తరబడి అన్నది మనమే. చివరికి ఆయన తాళంచెవి ఇచ్చారు. ఇచ్చాక కూడా చాలాకాలం, కూటం అయ్యాక వెనక్కి వచ్చి తాళం ఒకసారి లాగి చూసి వెళ్లేవారు. నాకది నచ్చింది. చెవి ఇచ్చారు, చెయ్యి ఇంకా లాగుతోంది. తగ్గించుకోవడం అంటే అలాగే ఉంటుంది, ఒక్క రోజులో అయ్యేది కాదు.

టైమ్ చూపిస్తున్నారు. మందు గురించి రెండు ముక్కలు. కుష్ఠు పట్టిన సిరియా సేనాధిపతి నయమాను బాగవడానికి ప్రవక్త దగ్గరికి బయల్దేరింది ఇంట్లో పనిచేసే చిన్నపిల్ల మాట విని. నదిలో మునగమన్న ప్రవక్త మాటకు మొదట కోపగించుకుని వెనక్కి తిరిగినా, యొర్దానులో 7 సార్లు మునిగింది దాసుల మాట విని. అంత పెద్ద సేనాధిపతిని బాగుచేసిన మాటలు కింద నుంచే వచ్చాయి. మీ ఇంట్లో మీకంటే చిన్నవాళ్లు ‘మీరు చేసింది తప్పు’ అని టెన్షన్ లేకుండా మీతో అనగలరా? ఇంటికెళ్లి అడగండి. వాళ్లు ‘అబ్బే, అదేం లేదు’ అని గబగబా అంటే అనుమానించండి. క్షమాపణ చెప్పేటప్పుడు ‘కానీ’ దగ్గరికి రాకముందే ఆపేయండి. ఎవరైనా మెచ్చుకుంటే ‘సంతోషం’ అని ఊరుకోండి. అన్నీ చేశాక ‘మేము నిష్‌ప్రయోజకులమైన దాసులము’ అని చెప్పుకొమ్మన్నాడు ప్రభువు. అది పనంతా అయ్యాక అనే మాట, పని తప్పించుకోవడానికి వాడొద్దు.

ఒక్క మనవి చేసి కూర్చుంటాను. కూటం అయ్యాక ఈ కుర్చీలన్నీ లోపల సర్దాలి. రోజూ సర్దేవాళ్లు ఎవరో మీకు తెలుసు. ఈ రోజు వాళ్లు కూర్చోవాలి, ఎప్పుడూ ముట్టుకోని వాళ్లం మనం సర్దాలి. కూర్చున్నవాళ్లకు షరతు ఒక్కటే: ‘అక్కడ కాదు, ఇక్కడ పెట్టండి’ అనకూడదు.