క్యారియర్ నిండుగానే వెనక్కి వస్తోందా?

[షాట్: ఆర్థో వార్డు. స్టూలు మీద స్టీలు క్యారియర్. మూత తీస్తే చారన్నం. రెండు ముద్దలే తగ్గింది.]

ఇది మా నానమ్మ క్యారియర్. బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. రాడ్ వేశారు. ఎక్స్‌రే చూసి అందరం హమ్మయ్య అనుకున్నాం. ఈ క్యారియర్ మాత్రం నాలుగో రోజు దాకా ఎవరం మూత తీసి చూడలేదు. "సెలైన్ ఎక్కుతోందిగా, బలం అదే వస్తుందిలే" అన్నాడు బాబాయి.

[షాట్: సెలైన్ బాటిల్, లేబుల్ కనిపించేలా]

ఈ లేబుల్ చదవండి. 5 శాతం గ్లూకోజ్, అర లీటరు. అంటే లోపల ఉన్నది 25 గ్రాముల చక్కెర. మహా అయితే 100 కేలరీలు, సుమారు రెండు ఇడ్లీలపాటి, అంతే. అదే మామూలు ఉప్పునీళ్ళ సెలైన్ అయితే కేలరీలు సున్నా. రెండింట్లోనూ ప్రోటీన్ చుక్క కూడా ఉండదు.

మరి ఒంటికి ఎంత కావాలి? పెద్ద వయసులో మామూలుగానే కిలో బరువుకు రోజుకు కనీసం 1 గ్రాము ప్రోటీన్ కావాలి. ఎముక విరిగి, కోత పడి ఉన్నప్పుడు 1.2 నుంచి 1.5 దాకా. నానమ్మ 50 కిలోలు, కాబట్టి 60 నుంచి 75 గ్రాములు. ఆవిడ తింటున్న రెండు ఇడ్లీలు, నాలుగు ముద్దల చారన్నం, గ్లాసు మజ్జిగ అన్నీ కలిపినా 15 దాటవు. మిగతాది ఒళ్ళు తన కండలోంచే లాక్కుంటుంది. అసలే మంచం పట్టిన మనిషికి కండ తొందరగా కరుగుతుంది. వాకర్ ఇచ్చి లేవమన్న రోజున కాళ్ళు వణికాయంటే అందులో దీని వాటా చాలా ఉంటుంది. గాయం మానడం ఆలస్యమవుతుంది, పడక పుళ్ళు కూడా త్వరగా వస్తాయి.

[షాట్: గిన్నెలో ముద్దపప్పు]

పప్పు ఎందుకు పెట్టలేదంటే, కుట్లున్నప్పుడు పప్పు తింటే చీము పడుతుందట! మా ఇంట్లోనే కాదు, ఆ వార్డులో సగం మంచాల దగ్గర ఇదే మాట. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, కందిపప్పు వల్ల కాదు. చూడ్డానికి పచ్చగా ఉంటుందని కాబోలు, పాపం దాని మీద పడింది నింద. గుడ్డుకూ ఇదే గతి.

[షాట్: టైలర్ టేపు, పిక్క చుట్టూ]

నిలబడలేని మనిషి బరువు తూచడం కష్టం. అందుకే టేపు. దెబ్బ తగలని కాలు తీసుకుని, పిక్క బాగా లావుగా ఉన్నచోట కొలవండి. 31 సెంటీమీటర్లకన్నా తక్కువుంటే డాక్టర్‌కి చెప్పి డైటీషియన్‌ని పిలిపించండి. కాలు వాచి ఉంటే మాత్రం ఈ కొలతను నమ్మొద్దు. రక్తపరీక్షలో అల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గిందని తిండి లోపమేనని తేల్చేయకండి, దెబ్బ తగిలినప్పుడు అది ఎలాగూ పడిపోతుంది.

ఆపరేషన్ వాయిదాల సంగతొకటి. నానమ్మ రెండు రోజులు వరసగా పొద్దుటి నుంచి పస్తు ఉంది, రెండుసార్లూ సాయంత్రం "రేపు" అన్నారు. వాయిదా పడిందనగానే అన్నం పెట్టొచ్చా అని అడగాలని మాకు తోచలేదు. మంచినీళ్ళ లాంటివి సాధారణంగా మత్తుకు రెండు గంటల ముందు వరకూ తాగనిస్తారు. మీ మత్తు డాక్టర్‌ని అడగండి.

ఇప్పుడు ఒకేసారి కంచం నింపకుండా రెండు గంటలకోసారి కొంచెం కొంచెం పెడుతున్నాం. గుడ్డు, గట్టి పప్పు, పెరుగు, పాలపొడి కలిపిన పాలు. కిడ్నీ జబ్బు, షుగర్ ఉన్నవాళ్ళకు ఈ లెక్క మారుతుంది, డాక్టర్‌ని అడిగాకే.

నాలుగో రోజు క్యారియర్ చూసి "ఎందుకు తినట్లేదే" అని అడిగితే, నానమ్మ గోడ వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. "తింటే ఆ బెడ్‌పాన్ అడగాలి కదరా. పక్క మంచం వాళ్ళంతా చూస్తారు."

[షాట్: మంచం చుట్టూ లాగిన ఆకుపచ్చ తెర]